వకుళ రాని శుక్రవారాలు

అనకాపల్లి,
19 జూన్ 2005

మణీ,

మీ అత్త లోవమ్మ దీవెనలు. హాస్టల్లో అన్నం ఇప్పుడైనా సయిస్తోందా? మీ చిన్నమ్మలత్తకి కాళ్ళు మళ్ళీ వాచాయి. గుండెకి బలం చాలదని ఆ విశాఖ డాక్టరు ఇచ్చిన మాత్రలు మింగమంటే, చేదని మొహం తిప్పుకుంటుంది. ఫోను బూత్‌కి వెళ్ళి నీతో మాట్లాడదామంటే వెనకాల నలుగురు నిలబడి వింటారు, నాకు మాట పెగలదు. అందుకే ఈ ఉత్తరం.

శుక్రవారం రాత్రి ఎనిమిదింటికి 'వకుళ వచ్చే వేళ' అని సీరియల్ వచ్చేది. మొన్న ఆపేశారు. ముందుగా ఒక్క ముక్క చెప్పలేదు. ఎప్పటిలాగే కొట్లో కుట్టుమిషన్లు పక్కకి జరిపి, చాపలు పరిచి అందరం కూర్చున్నాం. పాట రావలసిన వేళకి ఎవరో వంకాయలు తరుగుతూ కనబడ్డారు. కేబుల్ కన్నబాబు ఏదో తప్పు తిప్పాడని చిన్నమ్మలు కేకలేసింది. అతను పరుగున వచ్చి, "నా సేతిలో ఏటుంది పిన్నీ, ఆళ్ళే ఆపేసేరు" అన్నాడు. అతని మొహమూ పీక్కుపోయి ఉంది.

ఆ చానల్ ఆఫీసు మీ హైదరాబాదులోనే కదా. ఎందుకు ఆపారో, కథ చివర ఏమవుతుందో కనుక్కుని రాయి. శుక్రవారం నుంచి చిన్నమ్మలు సరిగా తినడం లేదు.

మీ అత్త,
లోవమ్మ

హైదరాబాద్,
28 జూన్ 2005

అత్తా,

నీ ఉత్తరం చూసి హడలిపోయాను, చిన్నమ్మలత్తకి ఏమైందో అని. తీరా చూస్తే సీరియల్! దెయ్యాల కథలు గుండె జబ్బు మనిషికి మంచివా? ఆగిపోతే పీడా పోయిందనుకోండి. మా హాస్టల్లో అందరూ చూసే అత్తాకోడళ్ళ సీరియల్ ఒకటుంది, అదైతే ఎన్నేళ్ళైనా ఆగదు. దాన్ని చూడండి.

నాకిక్కడ పొద్దున్నుంచి చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని డాక్టర్ల మాటలు విని టైపు చేయడమే పని. వేళ్ళు పడిపోతున్నాయి. ఆ ఆఫీసు ఎక్కడో జూబ్లీహిల్స్‌లో ఉందట, రెండు బస్సులు మారాలి. కుదిరినప్పుడు చూస్తాను. మాత్రలు బెల్లం ముక్కలో పెట్టి మింగించు. మన ఊళ్ళో బెల్లానికి కరువా?

నీ
మణి

అనకాపల్లి,
7 జులై 2005

మణికి,

నువ్వు నవ్వుతావని అనుకోలేదు. చూడలేదు కాబట్టి నీ తప్పు కాదు. కథ చెబుతాను, తర్వాత నీ ఇష్టం.

సుభద్ర, వకుళ అని ఇద్దరు ఆడవాళ్ళు. ఒక ఏటి ఒడ్డున ఇంట్లో కలిసి ఉంటారు. ఒకరంటే ఒకరికి ప్రాణం. మొదటి వారమే వకుళ ఏటిలో పోతుంది. తాను చచ్చిపోయానని వకుళకి తెలియదు. దీపాలు పెట్టే వేళకి తడిచీరతో ఇంటికొస్తుంది. సుభద్ర ఆ మాట చెప్పదు. చెబితే మళ్ళీ రాదేమోనని భయం. తల తుడుస్తుంది, అన్నం పెడుతుంది. ఊరివాళ్ళు పసిగట్టి భూతవైద్యుణ్ణి తెస్తారు. ఆఖరున మేం చూసిన వారం, అతను వేపమండలు పట్టుకుని, "ఆవిడ నీకేమవుతుంది?" అని సుభద్రని అడిగాడు. ఆ అమ్మాయి నోరు తెరిచింది. అంతే, 'సశేషం' అని వేశారు.

ఇందులో భయపడేది ఏముంది మణీ? భయపడేవాళ్ళెవరూ మా కొట్టుకి రాలేదు. కాలేజీ పిల్లలు వచ్చి 'వకుళ చేతులు' పెట్టి జాకెట్లు కుట్టమనేవారు. మోచేతి దగ్గర చిన్న మడత. చిన్నమ్మలే టీవీలో చూసి కత్తిరించింది. బెల్లం మార్కెట్లో కాటా దగ్గర పనిచేసే బంగారయ్య ప్రతి వారం వచ్చి మెట్టు మీద నిలబడే చూసేవాడు. లోపలికి రమ్మంటే వచ్చేవాడు కాదు. మొన్న సీరియల్ లేదని తెలిసి, తువ్వాలుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయాడు. ఎందుకని ఎవరమూ అడగలేదు.

ఇప్పుడు అందరం ఆ చానల్‌కి కార్డులు రాస్తున్నాం. రాయడం రానివాళ్ళకి నేను రాసిపెడుతున్నాను. పోస్టాఫీసు గుమాస్తా, "ఇన్ని కార్డులా, ఎవరికైనా పెళ్ళా?" అన్నాడు. చిన్నమ్మలు మాత్రం ఒక్కటే అడుగుతోంది. "లోవా, ఆ పిల్ల ఏటి సెప్పుంటాది?"

లోవమ్మ

హైదరాబాద్,
24 జులై 2005

అత్తా,

నవ్వినందుకు కోపం పెట్టుకోకు. పోయిన ఆదివారం ఆ ఆఫీసుకి వెళ్ళాను. వాచ్‌మన్ గేటు తీయలేదు. టీ కొట్టు దగ్గర నిలబడితే లోపల పనిచేసే ఒకాయన చెప్పాడు. ఇద్దరు ఆడవాళ్ళ ప్రేమ ఇళ్ళల్లో చూసే కథేనా అని కొందరు వచ్చి గొడవ చేశారట. సబ్బుల కంపెనీ ప్రకటనలు మానేసిందట. దాంతో ఆపేశారు. మీ కార్డులు వచ్చాయా అని అడిగాను. "ఒక్క అనకాపల్లి ఏంటమ్మా, తెనాలి నుంచీ, కరీంనగర్ నుంచీ గోనెసంచుల్లో వచ్చాయి, ఎవరు చదువుతారు?" అన్నాడు.

అత్తా, ఆయన చెప్పేదాకా అది ప్రేమకథ అని నాకు తట్టలేదు. నువ్వు స్నేహితుల కథ అన్నట్టు రాశావు కదా.

ఒక మంచి మాట. నా రూమ్మేట్ అన్నయ్య టీవీ వార్తల్లో పనిచేస్తాడు. సీరియల్ కోసం కార్డులు రాస్తున్న ఆడవాళ్ళ సంగతి చెప్పగానే హుషారుపడ్డాడు. వాళ్ళ విశాఖ మనిషిని కెమెరాతో మీ కొట్టుకి పంపిస్తాడట. టీవీలో చూపిస్తే చానల్ వాళ్ళు దిగొస్తారు. మంచి చీరలు కట్టుకోండి.

నీ
మణి

అనకాపల్లి,
9 ఆగస్టు 2005

మణికి,

కెమెరా వాళ్ళు వచ్చారు. కొట్టు చాలక జనం రోడ్డు మీద నిలబడ్డారు. నన్నడిగితే, "మంచి కథండీ" అన్నాను. అంతే. తర్వాత ఆ మైకు చిన్నమ్మలు ముందు పెట్టి, "మీకెందుకమ్మా ఈ సీరియల్ అంటే అంత ఇష్టం?" అన్నాడు ఆ కుర్రాడు. ఆయాసపడుతూనే చెప్పింది.

"మేవిద్దరం కూడా అలాగే ఉంతన్నాం గదా బాబూ. అందులో ఒక పిల్ల సచ్చిపోయినాది, అంతే తేడా. ఆళ్ళని ఇడదీయొద్దని సెప్పండి."

నా చేతిలో కత్తెర జారి కిందపడింది. అందరూ వెళ్ళాక, "అలా అనీసేవేటే?" అంటే, "అబద్దమా?" అంది. ఇన్నేళ్ళూ ఇంట్లో కూడా మేం ఆ మాట అనుకోలేదు మణీ. భయమేసింది. కానీ ఆ రోజు తనకి నచ్చినట్టు చింతచిగురు వేసి పప్పు వండాను. కడుపునిండా తింది.

నిన్న వార్తల్లో వేశారు. తను మాట్లాడిందంతా వేశారు.

లోవమ్మ

హైదరాబాద్,
20 ఆగస్టు 2005

అత్తా,

వార్తలు నేను చూడలేదు, ఆఫీసులో ఉన్నాను. రూమ్మేట్ చూసి, మీ అత్తవాళ్ళు భలే మాట్లాడారంది. ఇద్దరు ముసలి స్నేహితురాళ్ళు అని వేశారట కదా.

దానికన్నా పెద్ద కబురు. ఆ సీరియల్ రాసినావిడ ఇల్లు దొరికింది. పేరు శేషారత్నం గారు. చిక్కడపల్లిలో రెండు గదుల ఇల్లు. మీరు రాసిన కార్డుల సంగతి చెబితే కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆవిడకి చానల్ వాళ్ళు ఒక్క కార్డూ ఇవ్వలేదట. "వాళ్ళిద్దరూ అక్కచెల్లెళ్ళని ఒక్క డైలాగు పెట్టండి, నడిపిద్దాం అన్నారమ్మా. నేను పెట్టలేదు" అన్నారు.

భూతవైద్యుడు అడిగినదానికి సుభద్ర ఏం చెబుతుందని అడిగాను. షూటింగ్ కూడా అయిపోయిందట. సుభద్ర వకుళ చెయ్యి పట్టుకుని, "నా మనిషి" అంటుందట. అంతేనా అన్నాను. "అంతే. ఇంకేం కావాలి?" అన్నారావిడ.

ఇది చిన్నమ్మలత్తకి వెంటనే చెప్పు. అన్నం మానకుండా తింటుందేమో.

నీ
మణి

అనకాపల్లి,
18 ఆగస్టు 2005

మణీ,

చిన్నమ్మలుని తీసుకుపోయారు. దాని తమ్ముడు సింహాద్రి రాజయ్యపేట నుంచి మరో ఇద్దరు మగవాళ్ళతో ఆటోలో వచ్చాడు. ఇన్నేళ్ళలో పండక్కి కూడా ఒక చేప పంపినవాడు కాదు. "ఊరంతా టీవీలో సూసేరు. మా పరువేటి కావాల? మా అక్కని మేం సూసుకుంటాం" అన్నాడు. ఆ మాట అని దాన్ని వెనక గదిలోకి తీసుకెళ్ళి ఏదో మాట్లాడాడు. అది బయటికొచ్చి తన రెండు చీరలు మూటగట్టుకుంది. నా వైపు చూడలేదు. ఆటో ఎక్కాక, "మిషనుకి నూనె ఎయ్యి, అరుస్తంది" అంది. అంతే.

వద్దని ఒక్క మాట అనలేదు మణీ. నేనంటే విసుగొచ్చిందేమో. లేకపోతే పుట్టినచోట పోవాలనిపించిందేమో. నాకు అర్థం కావడం లేదు.

లోవమ్మ

హైదరాబాద్,
29 ఆగస్టు 2005

అత్తా,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటిపోయినట్టున్నాయి. నువ్వు బాధపడుతున్నావని తెలుసు. కానీ ఒకందుకు మంచిదే అనిపిస్తోంది. జబ్బు మనిషికి అయినవాళ్ళ దగ్గర ఉంటేనే ధైర్యం. నీకూ ఒంట్లో బాగుండదు, ఒక్కదానివి ఎంతని చేస్తావు? కొట్టు మూసేసి కొన్నాళ్ళు తుమ్మపాల వెళ్ళి నాన్న దగ్గర ఉండు. చెరుకు తోట గాలికి మనసు కుదుటపడుతుంది. తోడుకి ఎవరైనా అద్దెకి దిగితే తర్వాత చూసుకోవచ్చు.

నీ
మణి

హైదరాబాద్,
19 సెప్టెంబరు 2005

అత్తా,

రెండు కార్డులు రాశాను, జవాబు లేదు. కెమెరా వాళ్ళని పంపినందుకు కోపమా? నాన్న చేత అడిగిస్తే, "మీ అత్త బాగానే ఉంది, మిషను కుడతన్నాది" అన్నాడు. ఒక్క ముక్క రాయి. తిట్టినా పరవాలేదు.

మణి

అనకాపల్లి,
2 అక్టోబరు 2005

మణికి,

కెమెరా వాళ్ళని పంపినందుకు కాదు. 'అయినవాళ్ళ దగ్గర' అని రాశావు చూడు, అందుకు. ఆ ఉత్తరం చదివాక నీకేం రాయాలో తోచలేదు. మరి నేనెవరిని?

నీకు తెలిసిందే, పెళ్ళైన రెండేళ్ళకే మీ మావయ్య పోయాడు. మొగుడి దెబ్బలు పడలేక చిన్నమ్మలు రాజయ్యపేట నుంచి ఈ ఊరు వచ్చింది. ఒకే చోట కుట్టు నేర్చుకున్నాం. ఒకే గది తీసుకున్నాం. గవర కులపు ఆడపడుచు చేపలోళ్ళ పిల్లతో ఒకే కంచంలో తింటోందని అప్పట్లో అన్నారు. అదొక్కటే వాళ్ళ కంటికి కనబడింది, మా అదృష్టం. సుభద్రా వకుళా ఎలాగో మేమూ అలాగే. ఇంతకన్నా రాయడం నాకు చేతకాదు. నువ్వు చిన్నపిల్లవి కాదు.

సుభద్ర జవాబు చెప్పి రావాలని రాజయ్యపేట వెళ్ళాను. దానికిష్టమని మాడుగుల హల్వా తెప్పించి పట్టుకెళ్ళాను. నక్కపల్లిలో బస్సు దిగి ఆటో ఎక్కినప్పటినుంచీ ఆ రెండు మాటలే లోపల అనుకుంటూ కూర్చున్నాను. సింహాద్రి వాకిట్లో వల బాగుచేసుకుంటున్నాడు. లేవలేదు. "నువ్వేటవుతావు మా అక్కకి?" అన్నాడు. చుట్టుపక్కల ఆడవాళ్ళు వచ్చి నిలబడ్డారు. మాట నా నోట్లోనే ఉంది మణీ. నువ్వు కనుక్కుని పంపిన మాట.

"స్నేహితురాల్ని బాబూ" అన్నాను.

"అయితే సూసేవు గదా, ఎల్లు" అన్నాడు. ఎవరినీ చూడలేదు. లోపల దగ్గు మాత్రం వినబడింది. హల్వా పెట్టె అలాగే వెనక్కి తెచ్చాను. కన్నబాబు పిల్లలకి ఇచ్చేశాను.

కన్నబాబు దగ్గర పాత వారాలన్నీ క్యాసెట్లలో ఉన్నాయి. శుక్రవారం శుక్రవారం లోకల్ కేబుల్‌లో వేస్తున్నాడు. అందరూ వస్తున్నారు. మొదటి వారం నుంచి మళ్ళీ చూస్తున్నాం. నేను చూడలేక జాకెట్లకి హుక్కులు కుడుతూ కూర్చుంటున్నాను.

లోవమ్మ

హైదరాబాద్,
11 అక్టోబరు 2005

అత్తా,

నీ ఉత్తరం ఆఫీసులో చదివి బాత్రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చాను. నాకు తెలియలేదు. సెలవలకి వచ్చి మీ ఇద్దరి మధ్యనే పడుకునేదాన్ని కదా, అయినా తెలియలేదు. మీరు ఎలా ఉండేవారో, ఇళ్ళన్నీ అలాగే ఉంటాయనుకున్నాను. మా అమ్మా నాన్నల కన్నా మీరే తక్కువ పోట్లాడుకునేవారు.

'స్నేహితురాలు' అన్నందుకు కుమిలిపోకు. అంతమందిలో నేనైనా అంతే అనేదాన్ని. దీపావళికి సెలవు అడిగాను. ఇద్దరం కలిసి వెళదాం. ఈసారి ఆ గుమ్మంలో నేను మాట్లాడతాను. అప్పటిదాకా ధైర్యంగా ఉండు.

నీ
మణి

అనకాపల్లి,
23 అక్టోబరు 2005

మణీ,

నువ్వు దీపావళికి రాజయ్యపేట కోసమని రానక్కర్లేదు. చిన్నమ్మలు పోయింది. దసరా వెళ్ళిన మర్నాడే పోయిందట. నాకు ఎవరూ కబురు పెట్టలేదు. దహనం అయిపోయిన తర్వాత బజార్లో చేపలమ్మే ఆవిడ చెబితే తెలిసింది. గంప ముందు ఎంతసేపు కూర్చుండిపోయానో తెలియదు. ఆవిడే లేపి ఇంటికి తెచ్చింది.

నిన్న సింహాద్రి పెళ్ళాం దేముడమ్మ వచ్చింది. ఆసుపత్రి పనని ఇంట్లో చెప్పి వచ్చిందట. నేను ఆవిణ్ణి ఎప్పుడూ చూడలేదు. గుమ్మంలో చెప్పులు విడిచి, "వదినా, నేను సిన్నమ్మలు మరదల్ని" అంది. నన్నే వదినా అంది.

ఆ రోజు వెనక గదిలో ఏం జరిగిందో ఆవిడ చెప్పింది. "నువ్వు రాకపోతే ఆ మిషన్లు రోడ్డు మీద పడేసి, ఆవిడ్ని ఈదిలో నిలబెడతాను" అన్నాడట సింహాద్రి. అందుకని అది మాట్లాడకుండా వెళ్ళిపోయింది. నా వైపు చూస్తే ఏడుపొస్తుందని చూడలేదట. నేనేమో విసుగనుకున్నాను.

అక్కడ దీపాలు పెట్టే వేళకి వాడలో ఆడవాళ్ళని కూర్చోబెట్టుకుని వకుళ కథ చెప్పేదట. వలలు తీసుకుపోయే మగవాళ్ళు కూడా ఆగేవారట. నేను గుమ్మం దాకా వచ్చి వెళ్ళిన రోజు దేముడమ్మని పిలిచి, "లోవ ఏటన్నాది?" అని అడిగిందట. స్నేహితురాల్నని చెప్పిందని అంటే, దగ్గుతూనే నవ్విందట. "దానికి బయ్యం ఎక్కువ. అనకపోయినా అదే" అందట.

దేముడమ్మ ఇంకా ఏమో చెబుదామని ఆగి, "ఆకరి పూట మంచినీళ్ళు నేనే పోసేను వదినా. నీ పేరు సెప్పి పోసేను" అంది. ఆవిడకి ఏం పెట్టాలో తోచక కొత్త జాకెట్టు గుడ్డ పెట్టాను. తన కొలతలు ఇచ్చి వెళ్ళింది.

పదకొండో రోజుకి రమ్మని ఎవరూ అనలేదు. నేను వెళ్ళను. ఈ చావులో దేనికీ నాకు చోటు లేదు. బొట్టు తీయడానికి లేదు, గాజులు తీయడానికి లేదు. అవి అప్పుడెప్పుడో తీసేశారు. శుక్రవారం అందరూ వచ్చారు. టీవీ పెట్టలేదు. బంగారయ్య మొదటిసారి మెట్టెక్కి లోపలికి వచ్చి, చాప మీద కూర్చున్నాడు.

లోవమ్మ

హైదరాబాద్,
26 అక్టోబరు 2005

అత్తా,

కార్డు ఆలస్యమవుతుందని కొరియర్లో పంపిస్తున్నాను. నవంబరు మొదటి శనివారం పొద్దున దిగేలా విశాఖ ఎక్స్‌ప్రెస్‌కి టిక్కెట్టు తీసుకున్నాను. నెలరోజులు నీ దగ్గరే ఉంటాను. ఉద్యోగం పోతే పోనీ.

శేషారత్నం గారికి చెప్పాను. ఆవిడ నీకు నమస్కారం చెప్పమన్నారు.

నాన్నకి కూడా ఒక ఉత్తరం రాశాను. నీ సంగతి నేనే చెప్పాను, నిన్నడగకుండా. తప్పయితే వచ్చాక కొట్టు.

నీ
మణి

అనకాపల్లి,
31 అక్టోబరు 2005

చిట్టితల్లీ,

మీ నాన్న నిన్న సాయంత్రం తుమ్మపాల నుంచి సైకిలు మీద వచ్చాడు. తెల్ల పంచె కట్టుకున్నాడు. పండక్కి కూడా ఇస్త్రీ పంచె కట్టని మనిషి. గుమ్మంలో నిలబడి లోపలికి రాలేదు. నువ్వు రాసినదానికి తిట్టడానికి వచ్చాడనుకుని, మిషను మీంచి లేవకుండా తల వంచుకుని కుడుతూ ఉన్నాను.

"మణి రాసినాది" అన్నాడు.

ఊఁ అన్నాను.

"నాకు సానా సంగతులు తెలవ్వే అక్కా. అడగడం కూడా నాకు సేతకాదు." సంచిలోంచి ఒక చీర తీసి, రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. గంధం రంగు నూలు చీర. "పుట్టింటోళ్ళం మేవే గదా. ఇది మేవే తేవాల."

మొగుడు పోయిన ఆడదానికి పుట్టింటివాళ్ళు తెచ్చి కప్పే చీర అది. నీకు ఎవరైనా చెప్పారో లేదో తెలియదు. నా ఇరవయ్యో ఏట మా నాన్న ఒకటి తెచ్చాడు. అప్పుడు చుట్టూ అందరూ ఏడుస్తుంటే, నేను ఆ చీర అంచు ఎవరు నేశారా అని చూస్తూ కూర్చున్నాను. రెండేళ్ళు కాపరం చేసినా ఆ పోయినాయన మొహం నాకు సరిగా గుర్తు కూడా లేదు.

నిన్న అలా కాదు. మీ నాన్న లోపలికి వచ్చి చీర మడత విప్పి నా భుజాల మీద కప్పాడు. కప్పుతూ ఉండగానే నాకు ఏడుపు వచ్చింది. ఈ రెండు నెలలూ రానిది అంతా వచ్చింది. వీధిలో వాళ్ళు వింటారని కూడా అనిపించలేదు. అతను ఊరుకోమనలేదు. పక్కనే నేల మీద కూర్చున్నాడు.

తర్వాత అన్నం వండాను. మీ నాన్న తిని, మజ్జిగ పోయించుకుని, సైకిలు తీసుకుని వెళ్ళాడు. శనివారం స్టేషనుకి నేనే వస్తాను. ఆ చీర కట్టుకుని వస్తాను.

మీ అత్త,
లోవమ్మ